చెప్పుదెబ్బ

వనపర్తి హాస్టల్లో నా గదిలో ఉండే ఇటిక్యాల పిల్లకు ఆస్ట్రేలియాలో పైచదువుకు సీటొచ్చింది. అక్కడి సాలీళ్లను ఫోనులో చూసిన రోజు నుంచి, గోడమీద ఏ సాలీడు కనిపించినా చెప్పు తీసేది. అది చచ్చాక కూడా, గోడకు మరక మాత్రమే మిగిలేదాకా కొడుతూనే ఉండేది. "గిది చిన్నదే. ఆడ అరచేయంత ఉంటయంట" అనేది పళ్లు కొరుకుతూ.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే నా చెంప ఛెళ్లుమంది. పెదవి చిట్లి కంచంలో రక్తం పడింది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ చెప్పుతో కొట్టలేదు. లేచి ఆ పిల్ల జుట్టు పట్టి గోడకు గుద్దాను. జుట్టు నా పిడికిట్లో ఉండగానే తను చెప్పు తిప్పి చూపించింది. అడుగున నలిగిన సాలీడు.

"నీ మీదెక్కితే నేనున్న" అంది ఏడుస్తూ. "ఆడ నా మీదెక్కితే ఎవరు కొడ్తరే?"