ధర్మపురి తొవ్వల ఆగిన బండి

రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. భజన షురూ అయ్యేదానికి ఇంక టైముంది, చాయ్ సుత మరుగుతున్నది. మొన్న శనివారం ధర్మపురి నర్సింహస్వామి నాకు రెండుసార్లు దర్శనమిచ్చిండు. ఒకటి గుళ్లె, ఇంకొకటి పెట్రోల్ పంపుల. రెండోదాంట్ల నా ఇజ్జత్ మొత్తం పోయింది. ఇంకొకలు చెప్పేకన్న ముందుగల్ల నేనే చెప్పుకుంటె మంచిదని మిమ్ముల పిలిచిన.

నా బండి మీకెరికే. శ్రీరాంపూర్ల బొగ్గుబాయి డ్యూటీకి పదమూడేండ్ల సంది నన్ను మోస్తున్నది. పెట్రోల్ వంద దాటినంక రేటు అడుగుడు బంద్ పెట్టిన, అడిగితె బీపీ లేస్తది. గిప్పుడు ఇంకో పరేషాన్. పెట్రోల్ల ఇథనాల్ కలుపుతుండ్రు గదా, చెరుకుతోని, మక్కలతోని చేసేది. ఫోన్ల రోజుకో వీడియో. పాత బండ్ల రబ్బర్లు నానిపోతయని ఒకడు, మైలేజ్ పడిపోతదని ఒకడు. గీ పెట్రోల్ల నీళ్లు వడ్డయంటే ఇథనాల్‌ను పట్టుకొని అడుగుకు దిగుతయి, బండి కదలదని ఇంకొకడు. అన్ని చూసిన. చూసి చూసి నాకు అనుమానం రోగం పట్టుకున్నది. మీటర్ మీద అనుమానం, పైపు మీద అనుమానం, పోసేటోళ్ల చెయ్యి మీద అనుమానం. బండి జర దగ్గితె చాలు, చెరుకురసం పోసిండ్రని తిట్టేటోన్ని.

మా ఇంటామె విని విని యాష్టకొచ్చింది. రోజు పెట్రోల్‌ను తిట్టే బదులు ధర్మపురిల బండికి పూజ చేపిద్దాం, స్వామే చూసుకుంటడన్నది. మంచిమాటే అని ఇద్దరం ఎల్లినం.

ధర్మపురి ఇంక జరంత దూరమున్నదనంగ ఒక పంపుల టాంకి నింపిచ్చిన. పోసింది సరోజన అని ఒకామె, అంగి మీద పేరు రాసున్నది. జీరో చూడుమన్నది. చూసిన. అయినా నోరు ఊకోలే, మంచిదే పోస్తున్నవా అక్కా అని అడిగిన.

"వచ్చిందే పోస్తున్న అన్నా," అన్నది.

గా జవాబు నాకు నచ్చలే. సక్కగ మంచిదే అనొచ్చు గదా. ఏదో ఉన్నది గని చెప్తలేదు అనుకున్న.

గోదావరిల తానం చేసినా గా మాట మనసులకెళ్లి పోలే. గుడి ముందట పంతులు పూజ సామాను సదురుతుంటె, నేను తాళంచెవి పెట్టి టాంకి మూత లేపి వాసన చూసిన. తియ్యటి వాసన వచ్చినట్టే అనిపిచ్చింది. మా ఇంటామెను సుత చూడుమన్న. దేవునికాడ గిదేం పని అని మొఖం తిప్పుకున్నది. గంతల పంతులు షురూ చేసిండు. టాంకి మీదికెళ్లి బంతిపూల దండ ఏసిండు, అక్షింతలు చల్లిండు. నేను కండ్లు మూసుకొని, స్వామీ, గీ కల్తీ పెట్రోల్ నుంచి నా బండిని కాపాడు అని మొక్కిన. కొబ్బరికాయ కొట్టి, ఒక్క సుక్క కింద పడనియ్యకుండ, హెడ్‌లైటు కాడికెళ్లి సీటు దాక దండ మీదనే నీళ్లు పోసిన. భక్తి ఎక్కువైతె చెయ్యి ఆగదు. తర్వాత దండ తీసి హ్యాండిల్‌కు కట్టి, మూత టక్కున ఒత్తి, తాళంచెవి తీసి ఇంటిబాట పట్టిన.

వాపస్ వస్తుంటె పంపు దాటి కిలోమీటర్ సుత పోలే, బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. నయం, ముందట్నే మెకానిక్ షెడ్డున్నది. మెకానిక్ టాంకిలకెళ్లి ఒక సీసల పట్టిండు. మీద పెట్రోల్, అడుగున తెల్లగ మబ్బు మబ్బుగ నీళ్లు. వీడియోల చూసిందే నా కండ్ల ముందట. నా ఒంట్లకు నర్సింహస్వామే దిగిండనుకోండ్రి. మా ఇంటామెను ఆడనే కూసోబెట్టి, సీస పట్టుకొని ఆటోల పంపుకు పోయిన.

పదిమందిల సీస ఎత్తి చూపిచ్చిన. అడిగితె సక్కగ జవాబు చెప్పలే, గీమె చేతిలనే కిరికిరి ఉన్నదన్న. పొద్దుగాల్ల సంది ఎందరికో పోసిన, ఒక్కలన్న వాపస్ వచ్చిండ్రా అని సరోజన అడిగింది. నేను ఇననేలే. జనం జమైండ్రు. పంపు పేరు ఖరాబైతదని ఓనర్‌కు భయం పట్టింది. కొత్తగ వచ్చిన మనిషే, ఇయ్యాల్నే తీసేస్తున్న అన్నడు. సరోజన భుజం మీది పైసల తోలు సంచి తీసి టేబుల్ మీద పెట్టింది. గా పని మీదనే ఆమె ఇల్లు నడుస్తదని పక్కన పోసేటామె మెల్లగ అన్నది. నేను గది సుత ఇననట్టే ఉన్న.

గప్పుడే మెకానిక్ ఫోన్. సాక్ష్యం అందరు ఇనాలెనని నేనే స్పీకర్ల పెట్టిన.

"అన్నా, టాంకి మొత్తం వంచి గుడ్డల వడగట్టిన," అన్నడు. "నీళ్లొక్కటే కాదు. బంతిపూల రేకలున్నయి, కొబ్బరి పీచున్నది, పిడికెడు అక్షింతలున్నయి. గా పంపుల ఇయ్యి సుత కలిపి అమ్ముతుండ్రా?"

ఫోన్లనే ఎనుకకెళ్లి మా ఇంటామె గొంతు. "వాసన చూసి మూత పెట్టినవా అయ్యా, పూజకు ముందుగల్ల?"

జనం నవ్వుడు నవ్వుడు కాదు. ఓనర్ సుత నవ్విండు. సరోజన నవ్వలే.

నా చేతిల సీస బరువైంది. పక్కకు పోయి చెప్దామా అనిపిచ్చింది. గని అన్నది పదిమందిల గదా. గా పదిమందిల్నే దండం పెట్టి, తప్పు నాది, నీళ్లు నావి, ఆమె సంచి ఆమెకిచ్చేదాక ఈడికెళ్లి కదలనన్న. ఓనర్ ఇచ్చిండు. ఆమె సంచి భుజానికేసుకొని నా దిక్కు చూసింది.

"మూత తీసింది నువ్వే, పెట్టింది నువ్వే. నడుమ నన్నెందుకు తెచ్చినవే అన్నా?"

జేబుల ప్రసాదం ఉంటె ఇచ్చిన. కండ్లకద్దుకొని తీసుకున్నది. బండి బాగైనంక మళ్ల ఆమె కాడికే పోయి నింపిచ్చిన. జీరో చూపిచ్చింది, పోసింది, మూత ఆమెనే ఒత్తి తాళంచెవి నా చేతిల పెట్టింది. ఇల్లు చేరేదాక మూత తియ్యకు అన్నది.

ఇగ నేను చెప్పేది ఒక్కటే, యాది పెట్టుకోండ్రి, మీరు సుత చెయ్యిండ్రి. ఎవలనన్న పదిమందిల అంటె, తప్పు మనదని తెలిసినంక గా పదిమందిల్నే ఒప్పుకోండ్రి, పక్కకు పిలిచి కాదు. చాయ్ మరిగినట్టున్నది. గిన్నె మూత మాత్రం నన్ను తియ్యనియ్యకుండ్రి.