పిల్లి సూదిలో కొసరు

థర్మల్ ప్లాంటు వచ్చాక మా ఊళ్లో తెల్లవారడం మారిపోయింది. చలికాలంలో కృష్ణ మీది మంచు, గొట్టాల పొగ ఒకటైపోయి, ఎదురింటి గోడ ఉన్నట్టూ లేనట్టూ ఉండేది. పైగా నా కళ్లలో శుక్లాలు. ఏది బయటి పొగో, ఏది నా కంటి పొరో తెలిసేది కాదు. ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ మసక లోకం నాకు హాయిగానే ఉండేది. అందులోంచి మా తెల్లపిల్లి మెత్తగా వచ్చి ఒళ్లో చేరేది. అది ఎప్పుడొచ్చిందో ఒళ్లు వెచ్చబడ్డాకే తెలిసేది.

ఆ పిల్లి ఉన్నట్టుండి చిక్కిపోయింది. గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ గిన్నె దగ్గరే కూర్చునేది. రాయచూరు పశువుల దవాఖానలో డాక్టరు రక్తం పరీక్ష చేసి షుగరన్నాడు. పొద్దునా సాయంత్రం, తిండి తిన్నాక, ఇన్సులిన్ ఒక్క యూనిట్. అంటే సన్నటి సిరంజి మీద మొట్టమొదటి గీత. ఎక్కువైతే పిల్లి తూలిపడుతుందని, వెంటనే చిగుళ్లకు తేనె రాయమని చెప్పి పంపాడు. ఆ గీత నాకెక్కడ కనబడుతుంది? పని మా ఆయన మీద పడింది.

మా ఆయనకు ప్లాంటు కాలనీ బజారులో నూనె దుకాణం. లీటరు నిండుగా కొలిచి పోశాక, గిరాకీ అడగకముందే ఇంకో గరిటెడు వంచేవాడు. కొలత దగ్గర ఠక్కున చెయ్యి ఆపడం ఆయనకు మనిషి ముఖం మీద తలుపు వేసినట్టే.

"దుకాణం పెట్టినవా, ధర్మసత్రం పెట్టినవా?" అని నేను దెప్పితే నవ్వేవాడు. "కొసరు లేకుంటే గిరాకీ మొఖం చిన్నగైతదే."

పొద్దున్నే గడప దగ్గర కూర్చుని, సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టి, గాలి బుడగ పోయేదాకా గోటితో తట్టేవాడు. పిల్లి తింటుంటే మెడ వెనక చర్మం పైకి లాగి, నొప్పి తెలియకుండా గుచ్చేవాడు. కొన్నాళ్లకు దాని బొచ్చు మళ్లీ నున్నబడింది. నాకు ఎంత సంతోషమో! ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజుల్లో ఏమీ గమనించకుండా నిద్రలో నడిచినట్టే ఉంటుంది.

ఒక పొద్దున సూది అయిన కాసేపటికి పిల్లి లేచి తూలుతూ నడిచింది. ఎర్రగచ్చు మీద తెల్లగా కుప్పకూలింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. నేను వేలితో తేనె తీసి చిగుళ్లకు రాస్తూనే ఉన్నాను. చాలాసేపటికి గరుకు నాలుక నా వేలికి తగిలింది. అప్పుడు అడిగాను.

"ఎంత ఎక్కిచ్చినవ్?"

"గీత వరకే."

"నిజం చెప్పు."

"గీత మీద జర కొసరు," అన్నాడు తల వంచుకుని. "బక్కగైంది గదా, సరిగ్గ గీతకు ఆపబుద్ధి గాలే. రోజు జరంతనే పోస్తుంటి. ఇయ్యాల ఎక్కువైనట్టుంది."

నేను పిల్లిని కొంగులో చుట్టుకుని లేచాను. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తే, ప్రాణానికి ఫర్వాలేదని, ఆ సాయంత్రం సూది మానేసి మర్నాటి నుంచి మళ్లీ ఒక్క యూనిటే వేయమని డాక్టరు చెప్పాడు.

మర్నాడు ఆయన సిరంజి ముట్టనన్నాడు. "ఈ చెయ్యి నా మాట ఇనదే. చంపుకుంటనేమో దాన్ని." పిల్లి అప్పటికే నీళ్ల గిన్నె దగ్గరికి చేరింది. సూది లేకపోయినా అది బతకదు. నా గొంతు లేచింది. "నా కండ్లు పోయినయ్. నీ చెయ్యి గూడ పోయిందా? దాన్ని ఎవరు చూస్తరు?"

ఆయన వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. సిరంజి ఎత్తాడు. పొగలోంచి వచ్చే పల్చటి వెలుతురులో ఆయన వేలు ముందుకూ వెనక్కూ పోవడం నా మసక కళ్లకు కూడా తెలిసింది. మందు లాగాడు, మళ్లీ వెనక్కి నెట్టాడు, మళ్లీ లాగాడు. చివరికి ఆపాడు. గుచ్చడం అయ్యాక పిల్లిని ఒళ్లోకి తీసుకుని, దాని చెవి దగ్గర వంగి అన్నాడు.

"తక్కువిచ్చిననుకోకు బిడ్డా. కొసరు పొయ్య చాతగాక గాదు."