రాయి మీద ఏం చెక్కాలి

మా తమ్ముణ్ణి ఊరంతా మిలిటరీ అనేది. తొండుపల్లిలో ఎవరినడిగినా మాది మిలిటరోళ్ళ ఇల్లే. వాడు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే కేంద్ర బలగం జవాను. యూనిఫాం, బూట్లు, భుజాన తుపాకీ ఉన్నవాడు మిలిటరీ కాక ఇంకేమవుతాడు? మేమూ అలాగే నమ్మాం.

పోయిన ఎండాకాలం ఎన్నికల డ్యూటీకి వేరే రాష్ట్రం పంపారు. అక్కడ వడదెబ్బకు పోయాడు. ప్లాట్లకు అమ్మేయగా మిగిలిన మా చెలక భూమిలో పాతిపెట్టాం. వాడు దేశం కోసం పోయాడని చూసినవాళ్ళకు తెలిసేలా రాయి పెట్టించాలని కన్నతండ్రిగా మా బాపు కోరిక. వేరే ఏదీ అడగలేదు.

శంషాబాద్‌లో రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్ళాం.

“మిలిటరోళ్ళకైతే తలకిందుల తుపాకి, దాని మీద టోపి చెక్కుత. పోలీసోళ్ళకైతే సింహాలు. మీవోడు ఏంది బాపు?”

“మిలిటరీ,” అన్నాడు బాపు.

“జర ఆఫీసుల అడిగి రాన్రి. మొన్న ఒకలకు గట్లనే చెక్కితె, అసలు మిలిటరోళ్ళు వచ్చి లొల్లి చేసిన్రు.”

మాజీ సైనికుల ఆఫీసులో కోస్తా వైపు పెద్దమనిషి ఒకాయన మర్యాదగానే చెప్పాడు. “సైన్యం రక్షణ శాఖ కిందికి వస్తుందమ్మా. మీ తమ్ముడిది హోం శాఖ. పోలీసు కిందే లెక్క.”

పోలీసుల దగ్గరికి పోతే, “మనోడు కాదక్కా, సెంట్రల్,” అన్నారు.

చివరికి వాడి బలగం ఆఫీసుకే వెళ్ళాం. చట్టంలో సాయుధ బలగమేనట, సైన్యం మాత్రం కాదట. పోనీ అమరుడని చెక్కించుకోవచ్చా అంటే, ఆ మాట తమ కాగితాల్లో లేదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పేపర్లో పారామిలిటరీ అని రాస్తారు కదా, ఆ మాటకు అర్థమేంటో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. సగం మిలిటరీ, సగం పోలీసు అనుకుందామన్నా, ఆ సగం రాయడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. చావు మాత్రం వాడికి సగం రాలేదు.

తిరిగి తిరిగి బాపు మోకాళ్ళు పట్టేశాయి. ఏమీ చెక్కని రాయినే తెచ్చి పాతాం.

పక్క భూమిలో ప్లాట్లు వేస్తున్న వెంచర్‌వాళ్ళు అది హద్దురాయి అనుకున్నట్టున్నారు. నిన్న వెళ్ళేసరికి రాయి మీద ఎర్ర రంగుతో ప్లాటు నంబరు వేసి ఉంది. నేను ఏడుస్తూ కొంగుతో తుడవబోతే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనియ్ బిడ్డా. ఎవ్వరడిగినా మా దాంట్ల లేడన్నరు. ఇగ వీళ్ళన్న ఏదో ఒకటి రాసిన్రు.”