ఒకటి నొక్కిన వేలు

మా అమ్మాయి ఫోనులో డబ్బులు మాయమవుతున్నాయని మొదట కనిపెట్టింది వాళ్ళ నాన్న. కనిపెట్టడం అంటే కారణం కనిపెట్టడం కాదు, నేరస్థురాలిని కనిపెట్టడం. ఆయన దృష్టిలో నేరస్థురాలు పద్నాలుగేళ్ళ పిల్ల, సాక్ష్యం ఖాళీ అయిన బ్యాలెన్సు, శిక్ష చదువు మానిపించడం. విచారణ, తీర్పు అన్నీ నేను కాచిన కాఫీ చల్లారేలోపలే ముగిసిపోయాయి.

మూడు నాలుగేళ్ళ కిందటి మాట. మాది కర్ణాటకలో, కోలారు జిల్లా బేతమంగళ పక్కన ఒక పల్లె. కాస్త మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, రెండు ఆవులు. మా ఊళ్ళో బడి ఏడో తరగతితో సరి. అమ్మాయిని ఊరిగాంలో చేర్పించాలని పట్టుబట్టింది నేను. బంగారు గనులు మూతపడ్డా బడులు మూతపడని ఊరు అది. పాత కంపెనీ ఇళ్ళ మధ్య, చర్చి వెనక సందులో ఉంటుంది ఆమె బడి. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆగిపోయాను అని రాయడం మర్యాద కోసం, నన్ను ఆపేశారు. అందుకే ఈ ఒక్క విషయంలో నాతో ఎవరైనా వాదనకు దిగితే నా నోరు నా మాట వినదు.

పిల్ల రోజూ బస్సులో పోయి రావాలి. ఫోను లేకుండా పంపనని వాళ్ళ నాన్నే అన్నాడు. ఒక బటన్ల ఫోను కొనిచ్చాడు. బస్సు ఎక్కితే పక్కింటి ఫోనుకు ఒక మాట, దిగితే ఒక మాట, అంతకు మించి అక్కర్లేదన్నాడు. పిల్ల కూడా అంతే వాడేది. ఏడాది పాటు అందరం సుఖంగానే ఉన్నాం.

ఆ శుక్రవారం సాయంత్రం బస్సు రాలేదు. తరువాతి బస్సు పట్టుకుని పిల్ల ఊళ్ళో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. వాళ్ళ నాన్న అప్పటికే గంటసేపటి నుంచి స్టాండులో నిలబడి ఉన్నాడు. భయపడ్డ మనిషి భయపడ్డానని చెప్పుకోలేక అరుస్తాడు కదా, అలా అరిచాడు. టీ అంగడి ముందున్న పదిమందీ వింటుండగా అరిచాడు. ఇంటికొచ్చాక కూడా ఆగలేదు.

"ఫోను ఎందుకిచ్చినాను నీకు? బస్సు రాలేదని ఒక్క మాట చెప్పేకి కాదా?"

"చేసినాను నాయనా. కరెన్సీ లేదనింది."

మా వైపు ఫోను బ్యాలెన్సును కరెన్సీ అంటారు.

"సోమవారమే గదా వేయించినాను. ఎవురితో మాట్లాడి అయిపోగొట్టినావు?"

"ఎవురితోనూ మాట్లాడలేదు."

"అయితే ఇంగ గాలికి కొట్టుకొని పోయిందా?"

ఫోను లాక్కుని మెసేజీలు తిప్పాడు. ఆయనకు కన్నడం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషు రానివాళ్ళు కూడా గుర్తుపట్టే మాట ఒకటుంది, అది ఆ మెసేజీల్లో వరుసగా కనిపించింది. లవ్. లవ్ టిప్స్ అని ఎవరో రోజూ మా పిల్లకు పంపిస్తున్నారు.

"చూడు, నీ కూతురు చదివే చదువు," అని ఫోను నా మీదికి విసిరాడు. "సోమవారం నుండి బడీ లేదు, బస్సూ లేదు. ఆకు కోసేకి కూలోళ్ళు దొరకడం లేదు, ఇంట్లోనే ఉండనీ."

నాకు కోపం వచ్చింది. మొదట వచ్చింది కూతురి మీదే, దాచుకోవడం ఎందుకు. పిల్లను ఆవుల కొట్టంలోకి తీసుకుపోయి, నిజం చెప్పమని అడిగాను. నిజమే చెప్పినా అంది. ఏడవలేదు. ఆ మెసేజీలు ఎవరు పంపిస్తున్నారో, ఎందుకు వస్తున్నాయో తెలీదంది. చదవకుండానే వదిలేస్తున్నానంది. నన్ను సూటిగా చూసి ఆ ముక్క చెప్పి, ఆవులకు నీళ్ళు పెట్టడానికి పోయింది.

ఫోను లేకుండా వాళ్ళ నాన్న పంపడు. ఫోను ఇస్తే నమ్మడు. ఈ రెండింటి మధ్య పిల్ల తొమ్మిదో తరగతి ఇరుక్కుంది. నాకు మిగిలింది ఒక్క శనివారం.

పొద్దున్నే పాలు పోసి, ఫోను తీసుకుని రాబర్ట్‌సన్‌పేటలో ఉన్న ఫోను కంపెనీ ఆఫీసుకు పోయాను. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, బల్ల వెనక మెడలో బిళ్ళ వేసుకున్న ఒకావిడ. ముప్ఫై ఏళ్ళుంటాయి. నంబరు కంప్యూటర్లో కొట్టి, నావైపు చూడకుండానే చెప్పింది.

"నాలుగు సర్వీసులు ఉండాయి మేడం. జోకులు, క్రికెట్టు, జ్యోతిష్యం, లవ్ టిప్స్. వారం వారం కట్ అవతా ఉండాది."

"మేం అడగలేదే."

"మీ నంబరు నుండే ఒప్పుకున్నారు. ఇవి మావి కాదు మేడం, వేరే కంపెనీలవి. థర్డ్ పార్టీ."

"డబ్బులు కోసింది ఎవురు?"

"మా సిస్టమ్ కోస్తాది. పోయేది వాళ్ళకు."

"మా ఊళ్ళో నేను డెయిరీకి పాలు పోస్తాను. డెయిరీ సెక్రెటరీ నా పాలడబ్బులో ఇంత తీసి దోవన పోయేవానికి ఇచ్చి, వాడు వేరే మనిషమ్మా, నాకు తెలీదు అంటే ఊరికే ఉంటానా? వాణ్ణి పట్టుకోను, సెక్రెటరీనే పట్టుకుంటాను."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"పిల్లోళ్ళ చేతికి ఫోనిస్తే ఏదో ఒకటి నొక్కేస్తారు మేడం. మేమేం చేసేది?"

ఇంట్లో ఒకాయన చూడకుండానే తీర్పు చెప్పాడు. ఇక్కడ, మా పిల్ల ముఖం కూడా ఎరగని ఈవిడ అదే తీర్పు చెప్పింది. ప్రపంచంలో ఎక్కడ ఏది తప్పినా పిల్లదే తప్పని చెప్పుకోవడం ఎంత తేలికో!

"ఎప్పుడు నొక్కింది? రోజు చెప్పు, గంట చెప్పు."

"అట్లంతా చెప్పేకి కాదు."

"డబ్బులు కోసేకి మీ కంప్యూటరుకు తెలిసె. ఎప్పుడు ఊ అన్నారో తెలీదా? తెలిసేదాకా నేను ఈ కుర్చీలోనే కూర్చొనుంటాను. మధ్యాహ్నం సంగటి కూడా తెచ్చుకున్నాను."

సంగటి తెచ్చుకోలేదు, అబద్ధం చెప్పాను. కానీ కుర్చీలోంచి లేవలేదు. పక్క కుర్చీలోకి మనుషులు వచ్చారు, పోయారు. ఆవిడ నేను అక్కడ లేనట్టే పని చేసుకుంది. నేను మాత్రం ఆవిడ చేతులనే చూస్తూ కూర్చున్నాను. గంటన్నర గడిచింది. చివరికి ఆవిడ ఎవరికో ఫోను చేసి, చాలాసేపు ఆగి, కంప్యూటరు తెర నావైపు తిప్పింది.

"పోయిన నెల మొదటి మంగళవారం మేడం. పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు. సుమ్నే, ఊరికే వేయలేదు మేము. ఒక్కోదానికి రెండుసార్లు అడిగింటాము. రెండుసార్లూ ఒకటి నొక్కినారు."

మంగళవారం పదకొండు. పిల్ల బడిలో ఉండే వేళ. నా అనుమానం మళ్ళీ పిల్ల మీదికే పోయింది. ఒక్క క్షణమే. వెంటనే గుర్తొచ్చింది, ఆ రోజు మేము గూళ్ళు అమ్మిన రోజు.

పట్టుగూళ్ళు తీసుకుని మా ఆయన కోలారు మార్కెట్టుకు పోతాడు. ఆయన ఫోను ఎప్పుడో నీళ్ళతొట్టిలో పడి పాడైపోతే, మార్కెట్టు పుస్తకంలో పిల్ల నంబరే రాయించాడు. అందుకని గూళ్ళు అమ్మే రోజు ఫోను ఆయన జేబులో కోలారుకు పోతుంది. ఫోను లేకుండా పంపనన్న ఆయన నియమానికి ఆ ఒక్క రోజు సెలవు, పిల్ల ఫోను లేకుండానే బడికి పోతుంది. అక్కడ మన గూళ్ళకు పలికిన రేటు ఫోనులోకి మెసేజీగా వస్తుంది. సమ్మతమైతే ఒకటి నొక్కాలి. ఆలోచిస్తూ నిలబడితే కొనేవాడు పక్క బుట్టల దగ్గరికి పోతాడు. ఏళ్ళ తరబడి ఆ మార్కెట్టులో నిలబడిన మనిషికి ఫోను మోగితే చాలు, చదవకముందే వేలు ఒకటి మీదికి పోతుంది.

నాకు నవ్వొచ్చింది, ఆఫీసులోనే పైకి నవ్వాను. తరువాత ఒళ్ళు మండింది. రోజు, గంట ఒక కాగితం మీద అచ్చు తీసి ఇమ్మన్నాను. నాలుగు సర్వీసులూ ఆపించాను. ఇక మీదట ఏదీ తగులుకోకుండా నంబరుకు తాళం వేయించాను. డబ్బు వాపసు అడిగితే, ఒప్పుకున్నాక రాదంది.

"ఏ భాషలో అడిగినారు?"

"ఇంగ్లీషులో."

"ఇంగ్లీషు రాని రైతును ఇంగ్లీషులో అడిగి ఊ అనిపించుకుంటే అది ఒప్పుకునేదా, తల్లీ? మీ నాయనను ఎవురైనా ఇట్ల చేస్తే ఊరుకుంటావా?"

ఆవిడ మొదటిసారి నా ముఖం సరిగ్గా చూసింది. మా నాయనకూ రాదు ఇంగ్లీషు అని గొణిగి, ఫిర్యాదు రాసుకుని, దాని నంబరు ఇచ్చింది. కొన్నాళ్ళకు ఆ డబ్బు తిరిగొచ్చింది కూడా.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ కాగితం చేతిలోనే పట్టుకున్నాను. యుద్ధం గెలిచి వస్తున్నట్టే ఉంది నాకు. ఏమేం అనాలో, ఏది ముందు అనాలో అన్నీ తయారు చేసుకున్నాను.

మా ఆయన షెడ్డులో పురుగులకు ఆకు పరుస్తున్నాడు. చెప్పులు కూడా విడవకుండా గుమ్మం దగ్గరే నిలబడి అడిగాను.

"పోయిన నెల మొదటి మంగళవారం పదకొండుకు నువ్వు యాడుండావు?"

"యాడుంటాను? గూళ్ళేసుకొని కోలారుకు పోయింటి గదా."

"ఫోను?"

"నా జోబులోనే."

కాగితం ఇచ్చాను. ఏముందో నేనే చదివి చెప్పాను. చేతిలోని ఆకు కింద పెట్టాడు.

"రేటు అనుకొంటి. ఒకటి నొక్కితే మళ్ళా వచ్చె. మళ్ళా నొక్కినాను. ఆ పొద్దు ఏంది ఇన్నిసార్లు అడగతా ఉండారు అనుకొంటి కూడా."

"ఈ మాట నాకు కాదు, పాపకు చెప్పు."

"చెప్పేదేముండాది? సోమవారం బడికి పోనీలే."

"పోనీలే అంటే? నువ్వేదో క్షమించినట్టు! తప్పు చేసింది ఎవురు?"

"బిడ్డ ముందర తండ్రిని నిలబెడతావా?"

"నిలబెడతాను. నిన్న నువ్వు బిడ్డను ఊరందరి ముందర నిలబెట్టలేదా? నువ్వు చెప్పేదాకా నేను ఈ పురుగులకు ఒక్క ఆకు కొయ్యను. నువ్వే కోసుకో, నువ్వే పరుచుకో."

పురుగులు ఆఖరిసారి పొర విడిచి, మేము ఆఖరి జ్వరం అనేది దాటి, గూడు కట్టబోయే ముందు రోజులవి. ఒక్క పూట ఆకు తప్పితే పంటే పోతుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే అన్నాను. నా పంట కూడా అదే కదా అని అప్పుడు నాకు తోచలేదు, తోచినా అనేదాన్నే.

ఇంతలో పిల్ల తోట నుంచి ఆకుమోపుతో వచ్చింది. బయటినుంచే అంతా వింది కాబోలు, గుమ్మంలో ఆగిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. మార్కెట్టులో నేనే నొక్కినాను. నిన్ను అట్ల అనకూడదు నేను."

అంత మాట ఆ మనిషి నోట పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను వినలేదు. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. వచ్చి నన్ను పట్టుకుంటుందనుకున్నాను, నిజం చెప్పాలంటే దానికోసమే ఎదురుచూశాను. ఆమె మోపు దించి, తల మీది గుడ్డ తీసి, చెమట తుడుచుకుంది.

"ఆ పొద్దు ఫోను నా దగ్గరే ఉండి, నేనే తెలీకుండా నొక్కింటే?" అంది. "అప్పుడు ఈ కాగితంలో నేను ఫోను పట్టుకున్న టైమే ఉంటుండె. ఏం చేసేవాళ్ళు మీరు?"

పిల్ల నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా."

"నేను నీకోసరమే గదా పోయింది," అన్నాను.

"పోయినావు. నేను చెప్పింది నిజమా కాదా అని కనుక్కునేకి పోయినావు."

కాదని అనబోయాను. పిల్ల అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. నాకు సిగ్గేసింది.

మా ఆయన జేబులోంచి వంద రూపాయల నోటు తీశాడు. "కరెన్సీ వేయించుకో అమ్మా. ఫోను నీ దగ్గరే పెట్టుకో."

"వేయిస్తే వేయించండి. మీకు ధైర్యంగా ఉంటాది," అంది పిల్ల. నోటు తీసుకోలేదు. "ఫోను ఉన్నా లేకున్నా సోమవారం నేను బస్సు ఎక్కతాను. మీరు నమ్మినా ఎక్కతాను, నమ్మకపోయినా ఎక్కతాను. బడి మానేది మాత్రం లేదు."

గొంతు పెంచలేదు. అంత నెమ్మదిగా ఎదిరించడం నాకు ఈ వయసుకు కూడా చేతకాలేదు. మోపు విప్పి, మా ఇద్దరి మధ్య కూర్చుని, పురుగులకు ఆకు పరవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన ఒకవైపు, నేను ఒకవైపు కూర్చుని తలో చేయి వేశాం.

సోమవారం పొద్దున నేను పాలు పిండి లోపలికి వచ్చేసరికి ఆమె జడలు వేసుకుని, టిఫినుడబ్బా తానే కట్టుకుని, గేటు దాటుతోంది. పోయొస్తానని చెప్పింది, పోనా అని అడగలేదు.