అంట్ల జోయల్ గురించి, అబద్ధం లేకుండా

జోయల్ పోయిన నలభయ్యో రోజున వడమాలపేట చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అతని జీవితం గురించి చెప్పే పని నాకు అప్పగించారు. ముందు రోజు అతని భార్య అమల మా ఇంటికి వచ్చి షరతు పెట్టింది.

"ఏకాంబరం అన్నా, రేపు నీ నోట్లోంచి ఒక్క అబద్ధం రాకూడదు. మనవరాలు మహిత ముందు బెంచీలో కూచోనుంటాది. అది వాళ్ల తాతను తెలుసుకోవాల, నీ కతను కాదు."

ఆమె భయంలో న్యాయం ఉంది. జోయల్ ఒకసారి గొడుగు కర్రకు మామిడి అంటు కట్టాడనీ, మరుసటి వానకు అది చిగురించిందనీ ఊళ్లో సగం మంది నమ్ముతున్నారంటే అది నా పుణ్యమే.

మర్నాడు మైకు పట్టుకున్నాను. జోయల్, నేనూ చిత్తూరు కాన్వెంటులో ఒకే బెంచీ. వాళ్ల నాయన అక్కడ తోటమాలి. సిస్టర్లు మాకు ఇంగ్లీషు పద్యాలు నేర్పారు. వాళ్ల నాయన జోయల్‌కు అంటుకత్తి పట్టడం నేర్పాడు. పద్యాలు ఇద్దరం మరిచిపోయాం. కత్తి మాత్రం యాభై ఏళ్లు అతని చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉండింది. కొమ్మ కోసే ముందు "రవంత ఓర్చుకో తల్లీ" అని చెట్టుకు చెప్పేవాడు. అదే మనిషి గడ్డం గీసుకుంటే మూడు చోట్ల తెగేది.

కూతురికి జడ కూడా అంటు కట్టే ప్లాస్టిక్ రిబ్బనుతోనే బిగించేవాడు. సాయంత్రం దాన్ని విప్పడానికి అమల కత్తెర వెతుక్కునేది. మహిత పెన్సిలు విరిగితే రెండు ముక్కలనూ ఏటవాలుగా చెక్కి, కలిపి, రిబ్బను చుట్టి ఇచ్చాడు.

"వారంలో అది నాలుగంగుళాలు పెరిగి..." అన్నాను.

ముందు బెంచీలో అమల దగ్గింది.

"పెరగలేదు. రాసింది, అంతే," అని సర్దుకున్నాను. చర్చంతా నవ్వింది.

ఇక దాచిన మాట మిగిలింది. ముప్పై ఏళ్ల కిందట పరంధామయ్య అనే రైతు తన తోటలో రెండు వందల మొక్కలకు బేనీషా అంట్లు కట్టమన్నాడు. బేనీషా తినే పండు, తోతాపురి జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కాయ. ఆకులు దూసేశాక, అంటు కట్టే ఆ రెండు రకాల మామిడి పుల్లలను విడదీసి చెప్పడం చాలా కష్టం. జోయల్ రెండు కట్టలు తడిగోనెలో చుట్టి తెచ్చాడు. రెండోది తోతాపురి, వేరే తోటకు. అంట్లు కట్టి రెండు నెలలయ్యాక, చిగుళ్లు విచ్చుకున్నాక చూస్తే సగం మొక్కలు తోతాపురి. జోయల్ వెళ్లి తప్పు తనదేనని చెప్పాడు. రెండేళ్లు ప్రతి ఆదివారం చర్చి అవగానే ఆ తోటకు పోయి ఒక్కొక్క మొక్కకూ మళ్లీ కట్టాడు. అమల ఒంటరిగా ఇంటికి పోయేది. "పుల్లకూ పుల్లకూ తేడా తెలీనోడు" అని అప్పటి నుంచి అతన్ని దెప్పుతూనే ఉండింది.

"ఆ కట్టలు కలిపింది నేను," అన్నాను. "నా సైకిలుకు టిఫినుక్యారియరు కట్టుకోడానికి తాడు లేక, జోయల్ నీళ్లు తాగను పోయినప్పుడు రెండు కట్టలకున్న కట్లూ విప్పుకున్నాను. పుల్లలన్నీ కిందపడి కలిసిపోయాయి. తోచినట్టు ఏరి, గోనెపోగులతో మళ్లీ రెండు కట్టలు కట్టేశాను. చిగుళ్లొచ్చాక జోయల్‌తో ఒప్పుకున్నాను. పరంధామయ్యతో నేనే చెప్తానంటే ఏమన్నాడో తెలుసా? 'నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారప్పా, ఊరికే ఉండు' అన్నాడు."

చర్చి మళ్లీ నవ్వింది.

"స్నేహితుడి కోసం నిందను నెత్తినేసుకుంటా ఉండాడు," అని వెనక ఎవరో అన్నారు. పాస్టరు కూడా చప్పట్లు కొట్టారు. అరవై ఏళ్లుగా నేను ఏం చెప్పినా నమ్మిన మనుషులు వీళ్లు.

అమల మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది.

"అన్నా, బేనీషా కట్టకు కట్టు కట్టింది నేను. దేంతో కట్టినానో చెప్పు."

"ఊదారంగు గుడ్డపేలిక. నీ కూతురి గౌను చింపిన ముక్క. దాని మీద తెల్ల చుక్కలుండె."

నవ్వులు ఆగిపోయాయి.

"ఆ పేలిక యాడికి పోయిందని ఆయన్ను అడిగినాను," అంది అమల. "కాలవలో పడింది అన్నాడు. అది గూడా సరిగ్గా పట్టుకోలేవా అని తిట్టినాను. ముప్పై ఏండ్లు తిట్టినాను గదన్నా."

"నన్ను తిట్టమ్మా," అన్నాను.

"నిన్ను తిట్టేది ఇంటికి పొయ్యి నిదానంగా తిడతాలే." కళ్లు కొంగుతో తుడుచుకుని మహితను దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు ఆ తోట సంగతి మల్లా మొదట్నుంచి చెప్పు. పాప సరిగ్గా వినలేదు. ఈళ్లు గూడా వినలేదు."

పాస్టరు చేతి గడియారం చూసుకుని, దాన్ని చొక్కా చేతి కింద దాచేశారు.

మళ్లీ చెప్పాను. తోట, కట్టలు, సైకిలు, జోయల్ అన్న మాట, అన్నీ ముందు చెప్పినట్టే చెప్పాను. ఒక్క పుల్ల కూడా ఎక్కువ చేయలేదు. ఒకే కథను రెండుసార్లు ఒకేలా చెప్పడం నా జన్మలో అదే మొదలు.