పచ్చ రిబ్బను కట్టిన లోడు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే ఏదో కష్టపడుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను, పెళ్ళిళ్ళకి పట్టుచీర కట్టుకుని పోయి ఫొటోలు దిగుతున్నాను. నా మీద నాకు అసహ్యం అందుకే. బరువు మోసేవాళ్ళు వంగిపోతారంటారు. నేను వంగలేదు. వంగింది వేరేవాళ్ళు.

మీరెవరో నాకు తెలియదు, తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. పిరికితనం అనుకోండి, అది పిరికితనమే. ఒక మనిషి పేరు మాత్రం దాచను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మాది ఇందుకూరుపేట పక్కన. మా నాయనకి రొయ్యల గుంటలు ఉండేవి. పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని, దోసిట్లో నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుని, గుంటలో ఉప్పెంత ఉందో చెప్పేవాడు. తర్వాత మీటరుతో చూస్తే కాస్త అటూ ఇటూ, అంతే. ఆ విద్య మా అన్నకి రాలేదు, నాకు వచ్చింది. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు మా అమ్మ నేను అన్నానికి కూర్చుంటే భయపడేది. "దీని నాలిక్కి కోర్టులో ఉద్యోగం ఇయ్యొచ్చు" అని మా మేనత్త ఎగతాళి చేసేది. ఆ నాలుక అబద్ధపు సాక్ష్యం చెబుతుందని ఆమెకేం తెలుసు?

నాకు పెళ్ళయిన కొన్నాళ్ళకి మా బావ, అంటే నా భర్తకి అన్న, ఇసుక యార్డు పెట్టాడు. పెన్న ఇసుక మద్రాసుకి పోయేది. అక్కడ ఊరి చివర వరిపొలాలు ఉన్నచోట ముప్పై అంతస్తులూ నలభై అంతస్తులూ లేస్తున్న రోజులవి. ఎంత తోలినా చాలేది కాదు. యార్డులో లారీల లెక్క రాయడానికి మనిషి కావాలని నన్ను కూర్చోబెట్టారు. ఇంట్లో కోడలిగా ఉన్నన్నాళ్ళూ నా మాటకి పలికిన దిక్కు లేదు. యార్డులో ఒక కుర్చీ, ఒక బల్ల, నా మాట కోసం ఆగే లారీలు. ఆ కుర్చీ అంటే నాకెంత ఇష్టమో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

దానియేలన్న అక్కడే పరిచయం. అల్లూరు మనిషి, మేస్త్రి. ఊళ్ళో గోడలు కట్టడంతో మొదలుపెట్టి, దుబాయిలో పదేళ్ళు చేసి, మద్రాసులో ఒక ముప్పై ఎనిమిది అంతస్తుల భవనంలో కింది మూడు పార్కింగు అంతస్తుల పని ఒప్పుకున్నాడు. మనవైపు వాళ్ళే నలభై మంది ఆయన కింద పనిచేసేవాళ్ళు. ఇసుక ఎంచుకోవడానికి తనే వచ్చాడు. గుప్పెడు తీసుకుని, నలిపి, చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. మా నాయన గుర్తొచ్చాడు. నేనూ ఒక చిటికెడు వేసుకుని, "ఇది మంచిదే అన్నా, ఆ మూల కుప్పలో మాత్రం కొంచెం తేడా ఉంది" అన్నాను. ఆయన ఆ కుప్ప దగ్గరికి పోయి రుచి చూసి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

టీ తాగుతూ ఆయన చాలాసేపు మాట్లాడాడు. దుబాయి చుట్టూ కనుచూపు మేర ఇసుకే ఉన్నా, కట్టడానికి ఇసుక ఓడల్లో తెప్పించుకుంటారట. ఎడారి ఇసుక నున్నగా ఉండి సిమెంటుకి పట్టదట. "లోకమంతా ఇప్పుడు పైకే కడతా ఉంది చెల్లెమ్మా. అందురూ పై అంతస్తు చూస్తారు. నేను లోపలి ఇనప కమ్మి చూస్తా. ఉప్పు తగిలిందా, కమ్మి లోపల్లోపలే తుప్పు పట్టి ఉబ్బుద్ది, పిల్లరు పగులుద్ది. అదీ ఈరోజు కాదు, నాలుగైదేళ్ళకి. మనం మర్చిపోయినాక" అన్నాడు.

పోతూ పోతూ ఒక ఏర్పాటు చేసిపోయాడు. భవనం కట్టించే కంపెనీవాళ్ళు మొదటి సంచీ ఇసుకని ల్యాబుకి పంపి కాగితం తెచ్చుకుంటారు, తర్వాత వచ్చే లోడ్లని పట్టించుకోరు. అందుకని ప్రతి లోడూ నేను రుచి చూడాలి. బాగుంటే టార్పాలిన్ తాడుకి ఒక పచ్చ రిబ్బను ముక్క కట్టాలి. రిబ్బను ఉంటే ఆయన అక్కడ కళ్ళు మూసుకుని దింపించుకుంటాడు. జడకి కట్టుకునే రిబ్బనే, బుచ్చిరెడ్డిపాలెంలో గాజుల అంగట్లో చుట్టలు చుట్టలుగా కొన్నాను.

ఆ లోడ్లు తోలింది మస్తాను. నేను దాచనన్న పేరు ఇదే. ఆయనా దానియేలన్నా ఒకే బళ్ళో చదువుకున్నారు. ఒకరి క్యారియరు ఇంకొకరు తినేవాళ్ళు. మస్తానన్న యార్డులోకి వస్తూ రెండుసార్లు హారను కొట్టి, "అమ్మణ్ణీ, నా లారీకి జడ ఎయ్యి" అనేవాడు. నేను రిబ్బను కట్టేదాన్ని. రెండేళ్ళు అలా గడిచాయి. ఒక్క లోడు కూడా తప్పు పోలేదు.

ఆ తర్వాత ఏటి ఎగువన ఇసుక తీయడం కొన్నాళ్ళు ఆపేశారు. ఏరు ఆగినా మద్రాసులో పని ఆగదు గదా. బావ తెల్లవారుజామున ట్రాక్టర్లు పెట్టి, పెన్న సముద్రంలో కలిసే చోట నుంచి తోలించి, లారీలు వచ్చేసరికి యార్డులో కుప్ప పోయించాడు. పోటు నీళ్ళు పైకెక్కే చోటు అది. మస్తానన్నకి ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే యార్డులో నింపుకున్నాడు.

నేను చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు. అనుమానం ఏమీ లేదు. మా గుంటల్లోని నీళ్ళంత ఉప్పు.

బావని అడిగాను. "అది కాంక్రీటుకి కాదు, పునాది పక్కన గుంతలు పూడ్చడానికి. వాళ్ళతో మాట్లాడినాలే. నువ్వు రిబ్బను కట్టు" అన్నాడు. నేను కదలకపోతే, "కట్టకపోతే రేపట్నుంచి ఇంట్లో కూచో. ఇంకొకరు కడతారు" అన్నాడు.

పూడ్చడానికైతే రిబ్బను ఎందుకు? ఆ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. తర్వాతెప్పుడో వచ్చిందని రాసుకుంటే నాకు సుఖంగా ఉండేది. అప్పుడే వచ్చింది, మింగేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, బావ మాట నమ్మినట్టు నటించాను. ఎవరి ముందు? నా ముందు నేనే. పది రోజులు, రోజూ రుచి చూశాను, రోజూ కట్టాను. రుచి చూడకుండా కట్టి ఉంటే కనీసం తెలియదని అనుకోవచ్చు. అయినా చూశాను, అలవాటు కొద్దీ. మంచినీళ్ళతో కడిగి వాడమని ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క ఫోను చేయలేదు.

దానియేలన్న చెప్పినట్టే నాలుగేళ్ళు పట్టింది. భవనం నిండా మనుషులు చేరాక, కింది పార్కింగులో పిల్లర్ల మీద ఎర్రటి చారలు దిగాయి. పెచ్చులు ఊడాయి. ఇనుప ఊతలు పెట్టి నిలబెట్టారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కంపెనీవాళ్ళు మేస్త్రిని చూపించి చేతులు దులుపుకున్నారు. నలభై మందీ ఇళ్ళకొచ్చారు. దానియేలన్నకి మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు.

అప్పుడు యార్డుకి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆ నాలుగు మాటలూ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"చెల్లెమ్మా, ఏరు ఆపినప్పుడు వచ్చిన లోడ్లు, నువ్వు రుచి చూసే రిబ్బను కట్టినావా?"

"చూసే కట్టినానన్నా."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

ఒక్క అక్షరం అబద్ధం లేదు, చూడండి. రుచి చూశాను, నా చేత్తోనే కట్టాను. ఇంత నిజాయితీగా ఎవరైనా అబద్ధం చెప్పగలరా? ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "అయితే దార్లో మార్చినాడు. వాడే నన్ను మోసం చేసినాడు" అన్నాడు. వాడంటే మస్తానన్న. మంచి ఇసుక మధ్యలో ఎక్కడో అమ్ముకుని, ఉప్పు ఇసుక నింపుకుని, రిబ్బను మళ్ళీ కట్టాడని ఆయన లెక్క. నేను నోరు తెరవలేదు.

ఆ సాయంత్రమే బావ దగ్గరికి పోయి ఏడ్చాను. నిజం చెప్పేద్దామన్నాను. బావ నింపాదిగా, "చెప్పు. ఇసుక మీద నా పేరు లేదు. రిబ్బను మీద నీ చెయ్యి ఉంది" అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ కుర్చీలో నన్ను ఎందుకు కూర్చోబెట్టాడో. నా మాటకి విలువ ఇచ్చాడనుకున్నాను. అడ్డం పెట్టుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టుకున్నాడు. ఆరోజు ఒళ్ళు మండింది, ఈరోజుకీ మండుతుంది. కానీ నన్ను నేను అడుక్కుంటాను: బావ నాకు చేసిన ద్రోహం గురించి ఇంత గట్టిగా అరిచే నేను, మస్తానన్నకి చేసినదాన్ని ఏమని పిలవాలి?

ఆయన ఒకసారి వచ్చాడు. హారను కొట్టలేదు. "అమ్మణ్ణీ, నేను దార్లో యాడా ఆపనని నీకు తెలుసు గదా" అన్నాడు. "తెలుసన్నా" అన్నాను. ఆ మాట దానియేలుకి చెప్పమని అడగలేదు. నేనే చెబుతాననుకున్నాడేమో. లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయనకి లోడ్లు ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. టీ కొట్ల దగ్గర ఆయన వస్తే, "రిబ్బను మస్తాను" అని నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వితే గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకునేదాన్ని. యార్డు మానేశాను. మానేస్తే తగ్గుతుందనుకున్నాను.

పోయినేడు మస్తానన్న గుండె ఆగి చనిపోయాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. బావ పిడికెడు ఉంది, కంపెనీ పిడికెడు ఉంది. అవి ఎంత పెద్దవో చాలాసార్లు కొలుచుకున్నాను. కొలిచిన ప్రతిసారీ నా పిడికెడు నా చేతిలోనే ఉంది.

ఇన్నాళ్ళకి, మొన్న వేసవిలో, దానియేలన్న ఫోను చేశాడు. అల్లూరులో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడట. "ఇసుక దిగింది చెల్లెమ్మా. ఒకసారి వచ్చి నోట్లో ఏసుకుని చెప్పు. నువ్వు చెప్తేనే నాకు నిమ్మళం" అన్నాడు. పోయాను. ఇటుకల పక్కన కుప్ప. ఆయన గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. నాలుక మీద వేసుకున్నాను. ఉప్పన్నది లేదు. మంచి ఇసుక.

"ఇది మంచిదే అన్నా" అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేకపోయాను. "అది కాదు. ఏరు ఆపినప్పుడు వచ్చిన ఆ పది రోజులదీ ఉప్పే. నాకు తెలుసు. తెలిసే కట్టాను. మస్తానన్న ఎక్కడా ఆపలేదు."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన ఇటుకల మీద కూర్చుండిపోయాడు. చేతిలో మిగిలిన ఇసుకని చూసుకుంటూ ఉన్నాడు. అలాగే అన్నాడు: "సాయిబుల్లో మనిషి పోతే గోరీలో ఒక్కొక్కురు మూడు పిడికిళ్ళ మట్టి ఏస్తారు. వాడు పోయిన్రోజు నేను ఊళ్ళోనే ఉండా. పోలా. ఏయలా."

 ఆయన లేచి, "వాళ్ళింటికి పోయి చెప్పు. ఊరికి చెప్పు. ఇంక పోమ్మా" అన్నాడు. చెల్లెమ్మా అనలేదు.

మస్తానన్న గడప ఇంకా తొక్కలేదు. తొక్కాలి. ముందు ఇది రాస్తున్నాను, రాసేశాక వెనక్కి తిరగలేనని. మస్తాను ఇసుక మార్చలేదు. ఉప్పని తెలిసి రిబ్బను కట్టింది నేను. చూశారా, రెండు ముక్కలు. ఇంత చిన్న మాటకి ఎనిమిదేళ్ళు పట్టింది. బయటికి వచ్చాక గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలిక నాకు న్యాయమో కాదో తెలియదు.

ఆయనకి చెప్పిన మర్నాడు అల్లూరు దారిన బస్సులో వస్తూ కిటికీలోంచి చూశాను. దానియేలన్న లుంగీ ఎగగట్టుకుని, ట్యాంకరు నీళ్ళ గొట్టం పట్టుకుని, నేను మంచిదన్న ఇసుకని కడుగుతున్నాడు.

ఆ ఇసుక నిజంగా మంచిదే.