మా పాపకు వరాలు అని పేరు పెట్టాం

ఈరోజు సూర్యాపేటలో మా ఇంట్లో పాపను తొట్లెలో వేసి పేరు పెట్టాం. పది ఇళ్లలో వినపడే పేరు వద్దని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. కానీ మేం ముచ్చటపడిన ప్రతి పేరూ మా వీధిలోనే ఎవరో ఒక పిల్లకు ఉంది.

కాన్పు రోజు మిర్యాలగూడ దవాఖానలో నాకు రక్తం చాలా పోయింది. మా వాళ్లెవరిదీ సరిపోలేదు. పక్క మంచం మీదున్న చెల్లెలికి తోడుగా హాలియా నుంచి వచ్చిన ఒకామె, "నాది గదే గ్రూపు, తీస్కోన్రి" అంటూ లేచి వచ్చింది. ఆమె పేరు వరాలు.

పాపకు ఆ పేరే పెడతామని నిన్న ఫోన్ చేస్తే ఆమె కంగారుపడింది.

"నా పేరెందుకమ్మా? బడిల అందరు నవ్వుతుండె. జర కొత్త పేరు సూడున్రి."

"మాకు గిదే కావాలె అక్కా. నువ్వే వచ్చి పిలువాలె" అన్నాను.

పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. తన పేరు తానే పిలవడానికి సిగ్గుపడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తొట్లె మీదికి వంగి మెల్లగా "వరాలూ" అంది. పాప కళ్లు తెరిచింది. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

మా ఆడబిడ్డ మాత్రం "గిదేం పేరు వదినా?" అని ఇంకా మూతి ముడుచుకునే ఉంది. ఏం చెప్పను? వరాలక్క లేకపోతే ఈరోజు పాపను ఎత్తుకోవడానికి నేనుండేదాన్ని కాదు.

మీ ఇళ్లలో ఇంకో వరాలు ఉంటే చెప్పండి. ఈ ఒక్క పేరు ఎంతమందికి ఉన్నా నాకు సంతోషమే.